తుమ్మే ఇల్లు

నమోదు 1. విదియ

పాత ఇళ్ళలో చేరినవాళ్ళు ఇంటి నడత గురించి అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసి పంపాలని గృహ విభాగం వారి ఆదేశం. పంపినవి ఎవరైనా చదువుతారా అని అడిగితే, తాళం ఇచ్చిన అమ్మాయి పైకప్పు వంక చూసింది. అంటే చదవరన్నమాట. అదీ మంచిదే, మొహమాటం లేకుండా రాయొచ్చు.

నా పేరు వకుళ. సముద్రపు తోటలో నాచు కోసే పని. నిన్నటిదాకా మెరక ఊళ్ళో హాస్టల్లో, నలభై మంది పడుకునే హాల్లో, మూడో అరలో ఉండేదాన్ని. పై అరలో ఆవిడ కాలు చాపితే నా నుదుటికి తగిలేది. లాటరీలో ఇల్లు వచ్చిందని తెలిసినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. ఏ ఇల్లో తెలిశాక హాలంతా నవ్వింది. రేవు వీధిలో స్తంభాల మీద నిలబెట్టిన పాత ఇల్లు. పైగా నేర్చుకునే రకం. ఇప్పటి ఇళ్ళు చెప్పిన పని చేసి ఊరుకుంటాయి. ఆ కాలం ఇళ్ళు మనుషుల్ని చూసి నేర్చుకునేవట. ఏం నేర్చుకున్నాయో ఎవరికీ చెప్పవు, అదే చిక్కు. అందుకే నాకంటే ముందు పేరొచ్చిన వాళ్ళంతా చేతులు జోడించి వద్దన్నారట.

నేను జోడించలేదు. కాళ్ళు చాపుకుని పడుకునే చోటు దొరికితే దెయ్యంతోనైనా సర్దుకుంటానన్నాను.

ఈ రోజు చేసినవి: కప్పు మీద సోలార్ పలకలకి పట్టిన ఉప్పు గీకాను. మంచు పట్టే వల చిరిగితే కుట్టాను. వంటింట్లో నాచు ఉప్మా మాడబెట్టాను. ఇల్లు ఏమీ అనలేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. వీధి తలుపు పక్కన గోడకి ఒక బల్ల ఉంది. దాని పైన గోడలోంచి చిన్న కుళాయి, కుళాయి కింద స్టీలు గ్లాసు. వంటిల్లు అక్కడెక్కడో ఉంటే మంచినీళ్ళు గుమ్మం దగ్గరెందుకో.

నమోదు 2. చవితి

ఈ పొద్దున ఇంట్లో ఎవరో తుమ్మారు.

ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. నేను తుమ్మలేదు. సంచీ భుజాన వేసుకుని, తలుపు తెరుచుకోవడం కోసం నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఆడమనిషి తుమ్ము, చిన్నది, కాస్త ముక్కుతో. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. మంచం కింద చూశాను. బియ్యం డబ్బాలో కూడా చూశాను. దెయ్యాలు డబ్బాల్లో ఉండవని ఆ క్షణంలో గుర్తురాలేదు.

తిరిగొచ్చేసరికి తలుపు అలాగే మూసి ఉంది. తెరువు అన్నాను, తెరవండి అన్నాను, హాస్టల్లో తలుపులకి పనిచేసే తిట్టు కూడా వాడాను. చలనం లేదు. ఈలోగా గోడ కుళాయి దానంతటదే తిరిగి గ్లాసు నిండింది. ఇక్కడ నీళ్ళు కొలత ప్రకారం ఇస్తారు కదా, నేను అడక్కుండా నా వాటాలోంచి గ్లాసుడు ఖర్చుపెట్టడం ఏమిటని ఒళ్ళు మండింది. చాలాసేపటికి, దానికి బుద్ధి పుట్టినప్పుడు, తలుపు తెరుచుకుంది.

రేవుకి పరిగెత్తాను. పడవ వెళ్ళిపోయింది. మా పడవలు పోటు దిగేలోపు కదలాలి, ఒక్కరి కోసం సముద్రం ఆగదు. మేస్త్రి నా పేరు పక్కన చుక్క పెట్టాడు. మూడు చుక్కలు పడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే రేవు వీధి ఇల్లు పోతుంది, నేను మళ్ళీ మూడో అరకి. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, నా బతుకు అలాగే ఉంది. తుమ్మేది వేరేవాళ్ళు కావడం ఒక్కటే తేడా.

నమోదు 3. సప్తమి

ఇంటి తిక్కలు ఇంకొన్ని తెలిశాయి.

సాయంత్రం చీకటి పడబోతుంటే వెనక తలుపు దానంతటదే మూసుకుని, వీధి తలుపు బార్లా తెరుచుకుని, గుమ్మం దీపం వెలుగుతుంది. ఎవరో చుట్టం వస్తున్నట్టు. ఎవరూ రారు, దోమలు వస్తాయి. దీపం వెలిగాక ఊడ్చే యంత్రం అడుగు వేయదు. ఎంత మొత్తుకున్నా అలిగిన కోడలిలా మూల నిలబడుతుంది. మంగళవారం గోళ్ళు తీసుకుంటుంటే లైటు ఆర్పేసింది.

అవన్నీ భరించొచ్చు. తుమ్ము భరించలేను. నేను సంచీ తీసినప్పుడల్లా తుమ్ముతుంది. కూరల కోసం వెళ్ళినా సరే. తుమ్మి, తలుపు బిగించి, గ్లాసు నింపి కూర్చుంటుంది. ఈ రోజు రెండో పడవ పోయింది, రెండో చుక్క పడింది.

గృహ విభాగానికి ఫిర్యాదు పెట్టాను. ‘ఇల్లు తుమ్ముతోంది’ అని రాయడానికి సిగ్గేసి, ‘తలుపు సరిగా పనిచేయడం లేదు, శబ్దాలు వస్తున్నాయి’ అని రాశాను. వెంటనే జవాబు వచ్చింది. పౌర్ణమికి మనిషి వస్తాడట, ఇంటి పాత మనసు మొత్తం తుడిచేసి కొత్తది పెడతాడట. పీడా విరగడైంది అనుకున్నాను. పౌర్ణమిదాకా మూడో చుక్క పడకుండా చూసుకోవాలి, అంతే.

నమోదు 4. దశమి

కిటికీలోంచి దూకడం మొదలుపెట్టి రెండుసార్లు కాలవలో పడ్డాను. వీధి పిల్లలకి నేను వినోదం అయిపోయాను.

మొన్న పొద్దున చారుకి మిరియాలు దంచుతున్నాను. దంచుతూనే పడవ వేళ అయిందని గుర్తొచ్చి సంచీ అందుకున్నాను. ఇల్లు తుమ్మింది. చేతికున్న మిరియాల పొడి ముక్కుకి తగిలి, ఆ వెనకే నేనూ తుమ్మాను. తలుపు ఠపీమని తెరుచుకుంది.

నిలబడి ఆలోచించాను. ఒక తుమ్ముకి మూసుకుని రెండో తుమ్ముకి తెరుచుకునే తలుపు. ఇదేం తాళం చెవి? ఏదైతేనేం, మిరియాల పొడి పొట్లం కట్టి కొంగున ముడేశాను. ఇప్పుడు మా దినచర్య ఇది: అది తుమ్ముతుంది, నేను పొట్లం విప్పి ఒక పీల్పు పీలుస్తాను, నేను తుమ్ముతాను, అది తెరుస్తుంది. రెండురోజుల సాధనతో మిరియాలు లేకుండానే తుమ్మడం వచ్చేసింది. తోటలో మిగతావాళ్ళకి చేసి చూపిస్తే, సినిమాల్లో చేరమన్నారు.

నిజం చెప్పాలంటే, గెలిచానని చాలా సంతోషంగా ఉంది.

నమోదు 5. ద్వాదశి

ఎదురింటి నూకరత్నం పిన్ని చేపలు ఎండబెడుతూ నా ఎర్రటి ముక్కు చూసి జలుబా అని అడిగింది. జలుబు కాదు, తలుపు అన్నాను. ఆవిడకి అర్థమయ్యేలా మొదటినుంచీ చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. చేతిలో చేపని బుట్టలో పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, నా ఇంటి గుమ్మం వంక చూస్తూ కూర్చుంది.

ఒంటి తుమ్ముకి గడప దాటకూడదని నాకు నిజంగానే తెలియదా అని అడిగింది. తెలియదు. నలభై మంది పడుకునే హాల్లో తుమ్ము తుమ్ముకీ ఆగితే ఏ ఒక్కరూ ఎప్పటికీ బయటికి పోలేరు. మెరక ఊళ్ళో ఆ లెక్కలన్నీ ఎప్పుడో మరిచిపోయారు. ఒక్క తుమ్ము పడితే వెనక్కొచ్చి కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళాలట. వెంటనే రెండోది పడితే దోషం పోతుందట. దీపాలవేళ వెనక తలుపు మూసి వీధి తలుపు తియ్యాలట, లక్ష్మి వస్తుందని. మంగళవారం గోళ్ళు తీయకూడదట. ఇన్నాళ్ళూ నేను దెయ్యాలనుకున్నవన్నీ ఈ వీధిలో అందరికీ తెలిసిన ఆచారాలే.

“మరి ఆ తుమ్మేది ఎవరు పిన్నీ?” అన్నాను.

“పైడమ్మప్ప,” అంది. అప్ప అంటే ఈ వీధిలో అక్క.

పైడమ్మ, గవరయ్య ఈ ఇంట్లో ఉన్న ఆలుమగలు. గవరయ్య సముద్రపు గోడ కట్టే పనికి పోయేవాడు. ఆ రోజుల్లో గోడ పనికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చేవారు కాదు. మిగతాది పిన్ని మాటల్లోనే రాస్తాను, నేను రాస్తే పాడవుతుంది.

“అప్పకి బయ్యం. ఎల్లొద్దని అంటే కూడెలాగ? అందికని బావ గడప దాటీ ముందల ఓ తుమ్ము తుమ్మీది. దొంగ తుమ్మే. ఈదంతా తెలుసు. బావకి తెలీదేటి? తెలిసే ‘చిరంజీవ’ అనీసి, బల్ల మీద కూకుని, అప్ప ఇచ్చిన నీల్లు తాగీవోడు. పెల్లానికి చిరంజీవ ఏటని మావందరం నవ్వీవోలం. మరీ ఆలీసమైపోతే ఆయనో ఎదురు తుమ్ము తుమ్మీసి ఎల్లిపోయీవోడు.”

గవరయ్య సముద్రం నుంచి రోజూ తిరిగొచ్చాడు. జబ్బు చేసి ముందు పోయింది పైడమ్మే. కర్మకాండ అయ్యాక ఆయన మళ్ళీ పనికి బయల్దేరినప్పుడు పిన్ని ఈ గుమ్మంలోనే ఉందట.

“లోపల్నుంచి తుమ్ము ఇనిపించింది. అచ్చం అప్ప తుమ్మే. బావ అలగే నిలబడిపోనాడు. నిలబడి, నిలబడి, ‘చిరంజీవ’ అనీసి ఎనక్కెల్లి కూకున్నాడు. కుళాయి దానంతటదే తిరిగింది. ఆ నీల్లు తాగి, మొకం తుడుసుకుని ఎల్లినాడు.”

ఇల్లు ఎన్నో ఏళ్ళు చూసి నేర్చుకుంది. తుమ్మాల్సిన మనిషి లేకపోయేసరికి ఆ పని తనే తీసుకుంది. గవరయ్య బాగుచేయించలేదు. బతికినన్నాళ్ళూ ఆ తుమ్ముకీ, ఆ గ్లాసుడు నీళ్ళకీ కూడా వేళ చూసుకుని కాస్త ముందే నిద్ర లేచేవాడట.

పిన్ని మళ్ళీ చేపలు అందుకుంది. నేను ఇంటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. చాలా సిగ్గుగా అనిపించింది. తిట్లు తిట్టాను కదా, హాస్టల్ తిట్లు.

నమోదు 6. చతుర్దశి

నేనూ ముందే లేస్తున్నాను.

సంచీ తీసుకుంటాను. ఇల్లు తుమ్ముతుంది. వెనక్కొచ్చి కూర్చుంటాను. గ్లాసు నిండుతుంది, తాగుతాను. కాసేపు గుమ్మం వంక చూస్తూ ఊరికే కూర్చుంటాను. తలుపు తెరుచుకుంటుంది. పడవ వేళకి అందరికంటే ముందు రేవులో ఉంటున్నాను. మేస్త్రి అనుమానంగా చూస్తున్నాడు.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ పొద్దున్నే నన్ను తరిమినవే అన్నీ. గంటలు తరిమాయి, మైకులు తరిమాయి, అర ఖాళీ చేయమని వెనక షిఫ్టు ఆవిడ తరిమింది. ఇంకాసేపు ఉండి వెళ్ళు అన్నవి ఈ గోడలే. అది నా కోసం కాదని తెలుసు. అయినా నాకు బాగుంది, చాలా బాగుంది.

ఇందులో ఒక చిక్కు. రేపు పౌర్ణమి.

ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని కూర్చున్నాను. ఫిర్యాదు పెట్టడానికి ఒక బొత్తం ఉంది. పెట్టినందుకు మెచ్చుకోవడానికి ఒకటి, దాన్ని ఇంకొంచెం పెంచడానికి ఒకటి ఉన్నాయి. తీసేయడానికి లేదు. గృహ విభాగానికి ఫోన్ చేస్తే, పాత ఇంటి మీద ఒకసారి ఫిర్యాదు వచ్చాక అది నివాసి చేతుల్లో ఉండదని చెప్పారు. తలుపు ఇప్పుడు బాగానే పనిచేస్తోందన్నాను. అలాంటప్పుడే అసలు తుడవాలట, నివాసి కూడా అలవాటు పడిపోతున్న లక్షణమట.

పైడమ్మ తుమ్ము ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. దాన్ని తుడిచేయమని రాసిచ్చింది నేను.

నమోదు 7. పౌర్ణమి

జోగారావు గారూ, ఇది చదివేది మీరొక్కరే అని ఇప్పుడు తెలిసింది కాబట్టి మీ గురించి మీకే రాయాల్సి వస్తోంది. మన్నించండి.

మీరు లావుగా, తెల్లమీసాలతో, చిన్న పెట్టె పట్టుకుని పడవ దిగారు. దుర్మార్గుడు వస్తాడని రాత్రంతా ఊహించుకుని ఉన్నాను. మీరు గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళున్నాయా అని అడిగారు. దాంతో నా సగం కోపం వృథా అయిపోయింది.

భోజనం పెట్టి బతిమాలదామని నా పథకం. పులుసుకి పోపు పెడుతూ, మీతో ఏ మాట ముందు అనాలా అని ఆలోచిస్తూ, ఎండుమిరపకాయలు బొగ్గు చేశాను. ఆ ఘాటు ఇల్లంతా కమ్మేసింది. ఇది నేను కావాలని చేయలేదు. నా వంట సంగతి మొదటి నమోదులోనే ఒప్పుకున్నాను.

తుడిచిన ఇళ్ళు ఎలా ఉంటాయని అడిగాను. మీరు పెట్టె తెరుస్తూ, “మాట వింటాయమ్మా,” అన్నారు. ఆ తర్వాత తీగ సరిచేసుకున్నారు. ఇంక నాకు బతిమాలడం కూడా చేత కాలేదు. మీరు బల్ల పైన గోడపలక తీసి, తీగ పట్టుకుని, చెయ్యి లోపలికి పెట్టబోయారు.

ఇల్లు తుమ్మింది.

చిన్న తుమ్ము, ముక్కుతో. మీ చెయ్యి గాలిలోనే ఆగింది. ఇంత పెద్ద విభాగం, ఇంత పెద్ద ఉత్తరువు, మీరు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని బల్ల మీద కూర్చున్నారు. కుళాయి తిరిగింది. మీరు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగారు. తాగి, “ఒంటి తుమ్ము,” అన్నారు.

నేను నోరు తెరిచే స్థితిలో లేను. మిరపకాయల ఘాటు అప్పటికే నా ముక్కు మొదట్లోకి ఎక్కి కూర్చుంది. ఆపుతున్నాను. రెండో తుమ్ము పడితే దోషం పోతుంది, మీరు లేచి పని మొదలుపెడతారు. అది నా ముక్కులోనే ఉంది. ఇన్నాళ్ళూ దొంగ తుమ్ములు తుమ్మినందుకు దేవుడు నిజమైనది ఇప్పుడే పంపాలా?

“రెండోది పడితే మొదలెట్టొచ్చు. మీకేమైనా వస్తోందా అమ్మా?” అని అడిగారు మీరు.

“రావట్లేదండీ,” అన్నాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

మీరు నా వంక చూశారు. అప్పుడు చెప్పారు, పాత ఇళ్ళ నమోదులన్నీ మీ బల్ల మీదకే వస్తాయని, నావన్నీ చదివారని, మిరియాల పొట్లం సంగతి కూడా తెలుసని. ఏ వేళకి కావాలంటే ఆ వేళకి తుమ్మగలనని గొప్పలు పోయింది నేనే కదా. మీరు ఒక్క మాట, ‘తుమ్మమ్మా’ అంటే చాలు, కాదనడానికి నాకు కారణం లేదు.

మీరు ఆ మాట అనలేదు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి గట్టిగా అదుముకున్నారు. మీ కళ్ళూ ఎర్రబడి ఉన్నాయి, మీసాలు వణుకుతున్నాయి. రుమాల్లోంచే అన్నారు:

“నాకూ రావట్లేదు.”

అలా ఎంతసేపు కూర్చున్నామో. ఇద్దరు పెద్ద మనుషులు, ముక్కులు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా. చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే తుమ్మొస్తుంది. చివరికి రేవులో మీ పడవ కూత వేసింది. మీరు ఒంటి చేత్తో పెట్టె సర్దుకుని, మీ ఆఫీసు రాత పలక మీద రాశారు: ‘పని ప్రారంభించుటకు పరిస్థితులు అనుకూలించలేదు.’ ఒకే ఇంటికి రెండోసారి మనిషిని పంపడానికి మీ వాళ్ళు పడవ ఇవ్వరట, ఫైలు మూసేస్తారట. ఇది చెబుతున్నప్పుడు కూడా మీరు రుమాలు తీయలేదు. అన్నం తినకుండా, చెప్పులు చేతిలో పట్టుకుని దాదాపు పరుగున వెళ్ళారు. తలుపు మీకోసం వెంటనే తెరుచుకుంది.

గుమ్మంలో నిలబడి చూశాను. మీ పడవ కాలవ మలుపు తిరిగింది. ఆ మలుపు అవతల నుంచి, నూకరత్నం పిన్ని చేపల మీద వాలిన కాకులన్నీ ఒక్కసారి లేచేలా, ఒక తుమ్ము వినిపించింది. దాని వెనక ఇంకొకటి.

ఇక నేనూ ఆపలేదు. లోపలికొచ్చి, బల్ల పట్టుకుని తుమ్మాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఇల్లే ముందు తుమ్మేది, నేను ఎదురు తుమ్మేదాన్ని. గడప దాటిన మనిషి వెనక, ఇంట్లో మిగిలినదాన్నై నేను తుమ్మడం ఇదే మొదలు.

గోడలోంచి ఒక గొంతు పలికింది. మగ గొంతు, వయసు మళ్ళింది, కాస్త బొంగురుగా ఉంది. నేను ఎప్పుడూ వినని గొంతు.

“చిరంజీవ,” అంది.

కుళాయి తిరిగి గ్లాసు నిండింది. నాకు ఈ పూట వెళ్ళాల్సిన పనేమీ లేదు. అయినా బల్ల మీద కూర్చుని, ఆ నీళ్ళు మొత్తం తాగాను.